గ్యాసు పైపులైను, టెర్మినల్ పక్కన ముప్పు ఎంత? కాగితం మీద లెక్కవేసుకోవడం ఎలా

"గ్యాసు లైనుకు ఇల్లు ఎన్ని మీటర్ల దూరంలో ఉంటే భయం లేదు?" కోనసీమ నుంచైనా, విశాఖ పారిశ్రామికవాడ నుంచైనా పాఠకులు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే. అందరికీ సరిపోయే ఒక్క అంకె లేదు. కానీ లైను వ్యాసం, పీడనం తెలిస్తే మంట ఎంత దూరం కాలుస్తుందో ఐదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. అలాంటి ప్రమాదం ఎంత అరుదు అన్నది ఇంకో పూట పని. గుణకారాలు ఎవరైనా చేస్తారు. చిక్కంతా లెక్కలోకి వేసే ఊహల దగ్గరే. "వాల్వు వెంటనే మూసేస్తాం", "గ్యాసు పొడిగానే ఉంది", "గాలికి చెదిరిపోతుంది" అనే మూడు మాటలూ నమ్మి వేసిన లెక్క ఎప్పుడూ ముద్దొచ్చేంత చిన్న అంకె ఇస్తుంది.

కింది పద్ధతి తొలి అంచనాకు. ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లే సర్పంచికీ, కొత్తగా సేఫ్టీ విభాగంలో చేరిన ఇంజినీరుకీ సరిపోతుంది. అనుమతుల కోసం ఇచ్చే పూర్తి నివేదిక దీనితో తయారు కాదు. ఎవరో తయారుచేసిన నివేదికలో డొల్ల ఎక్కడుందో మాత్రం దీనితో పట్టుకోవచ్చు.

దగ్గర పెట్టుకోవలసినవి

- లైను వివరాలు: వ్యాసం, గోడ మందం, గరిష్ఠ అనుమతి పీడనం, వేసిన సంవత్సరం, సెక్షనలైజింగ్ వాల్వు స్టేషన్ల (లైనును ముక్కలుగా విడదీసి మూసే చోట్ల) మధ్య దూరం.
- గ్యాసు విశ్లేషణ: కార్బన్ డయాక్సైడ్ శాతం, నీటి డ్యూ పాయింట్ (గ్యాసులోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత), కండెన్సేట్ (గ్యాసుతో వచ్చే ద్రవ ఇంధనం) వస్తుందా లేదా.
- చివరి పిగ్గింగ్ రిపోర్టు (పైపు లోపల పిగ్గు అనే పరికరం నడిపి శుభ్రం చేయడం, గోడ కొలవడం), కేథోడిక్ ప్రొటెక్షన్ (తుప్పు ఆపడానికి పైపుకు ఇచ్చే కరెంటు) రీడింగులు.
- టెర్మినల్ (ఎల్పీజీ దించుకుని నిల్వ చేసే కేంద్రం) ప్లాట్ ప్లాన్, అంటే లోపల ఏది ఎక్కడుందో చూపే పటం, ఏ ట్యాంకులో ఎన్ని టన్నులు, దూరం నుంచి మూయగల వాల్వుల జాబితా, ఫైర్ వాటర్ పంపుల సామర్థ్యం.
- వాతావరణ శాఖ ఇచ్చే గాలి దిశల పటం, ఊరి ఉపగ్రహ చిత్రం, ఇళ్ల లెక్క.

పర్యావరణ అనుమతి తీసుకున్న ప్రాజెక్టయితే చాలా వివరాలు పరివేశ్ పోర్టల్‌లోని నివేదికలో దొరుకుతాయి. ప్రభుత్వ రంగ సంస్థ లైనయితే సమాచార హక్కు కింద అడగొచ్చు. పిగ్గింగ్ రిపోర్టు మొత్తం ఇవ్వకపోయినా, చివరిసారి ఎప్పుడు చేశారో, గోడ ఎంత శాతం తరిగిన చోట్లు ఎన్ని ఉన్నాయో అడగండి.

జాగ్రత్త: ఇది కాగితం పని. లీకు ఉందేమో చూద్దామని లైను మీదికి వెళ్లడం, మార్కరు రాయి పక్కన తవ్వి చూడడం చేయకండి. బుస శబ్దం, పచ్చటి చేలో ఒక్కచోటే ఎండిన గడ్డి, కాలువ నీళ్లలో ఆగకుండా బుడగలు కనబడితే గాలికి ఎదురుగా దూరం జరిగి, ఆ తర్వాతే మార్కరు మీది నంబరుకూ, 112కూ ఫోన్ చేయండి. బండి అక్కడ స్టార్ట్ చేయవద్దు.

1. లైను పొడవునా ఇళ్లు లెక్కపెట్టండి

పటం మీద లైనుకు అటూ ఇటూ 200 మీటర్ల చొప్పున పట్టీ గీయండి. దాన్ని 1.6 కిలోమీటర్ల ముక్కలు చేసి ఒక్కో ముక్కలో ఇళ్లు లెక్కించండి. 10 వరకు అయితే ఒకటో తరగతి, 11 నుంచి 45 అయితే రెండు, 46, ఆపైన అయితే మూడు, బహుళ అంతస్తుల భవనాలు ఎక్కువగా ఉంటే నాలుగు. తరగతి పెరిగేకొద్దీ పైపు గోడ మందంగా ఉండాలి, వాల్వు స్టేషన్లు దగ్గరగా రావాలి. వాటి మధ్య దూరం ఒకటో తరగతిలో 32 కిలోమీటర్ల వరకు ఉండొచ్చు, నాలుగో తరగతిలో 8 దాటకూడదు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒక్కటే, లైను వేసిన ఏటి లెక్క పట్టుకోవడం. పాతికేళ్ల కిందట కొబ్బరితోటగా ఉన్న చోట ఇప్పుడు కాలనీ ఉంటుంది, సంత ఉంటుంది. ఇవాళ్టి ఇళ్లు లెక్కించండి. బడి, గుడి, కల్యాణమండపం, ఆసుపత్రి విడిగా రాసుకోండి. లైనుకు హక్కు తీసుకున్న భూమిలో ఇల్లు కట్టడం, చెరువు లేదా బావి తవ్వడం, చెట్లు నాటడం 1962 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం. అయినా జరిగి ఉంటే అదీ గుర్తించండి.

2. మూడు రకాల చిల్లులు తీసుకోండి

20 మిల్లీమీటర్ల లోపు సూదిబెజ్జం, అంతకంటే పెద్ద చిల్లు, పైపు నిలువునా పగలడం. ఈ మూడూ చాలు. "పగిలే అవకాశం లేదు" అని మూడోదాన్ని ముందే కొట్టేసిన నివేదికను పక్కన పెట్టండి. అవకాశం తక్కువైతే ఆ తక్కువ ఆరో అంచెలో అంకెగా కనబడుతుంది.

3. ఎంత గ్యాసు బయటికి వస్తుంది?

సహజ వాయువుకు చేతిలెక్క ఇది:

సెకనుకు కిలోలు = 0.000144 × చిల్లు వైశాల్యం (చదరపు మిల్లీమీటర్లు) × పూర్తి పీడనం (బార్)

పూర్తి పీడనం అంటే గేజీ చూపించేదానికి 1 కలపాలి. మన దగ్గర పత్రాల్లో పీడనం చదరపు సెంటీమీటరుకు కిలోల్లో ఉంటుంది. అది దాదాపు బార్‌తో సమానమే, 0.98 రెట్లు.

గేజీ మీద 50 బార్, 20 మిల్లీమీటర్ల చిల్లు అనుకోండి. వైశాల్యం 314, పూర్తి పీడనం 51. జవాబు సెకనుకు 2.3 కిలోలు. ఇంటి సిలిండరులో పట్టే 14.2 కిలోల బరువు గ్యాసు ఆరు సెకన్లకు ఒకసారి బయటపడుతుందన్న మాట. పేరుకే సూదిబెజ్జం.

ఇప్పుడు "వాల్వు మూసేస్తాం" అన్న మాట తూచి చూద్దాం. 18 అంగుళాల లైను, రెండు వాల్వు స్టేషన్ల మధ్య 20 కిలోమీటర్లు. లోపలి వైశాల్యం దాదాపు 0.15 చదరపు మీటర్లు కాబట్టి ఘనపరిమాణం 3,000 ఘనపు మీటర్లు. 50 బార్ దగ్గర ఘనపు మీటరు గ్యాసు 36 కిలోల పైచిలుకు తూగుతుంది. రెండు వైపులా వాల్వులు క్షణంలో మూసినా ఆ మధ్యలో 110 టన్నులు మిగిలే ఉంటుంది. పైపు పగిలితే మొదటి నిమిషంలో మనుషులను కాల్చేది ఈ గ్యాసే. వాల్వు మూయడం వల్ల మంట త్వరగా ఆగుతుంది, పక్క ఇళ్లకు పాకడం తగ్గుతుంది. మొదటి నిమిషం మారదు.

4. మంట దూరం

దూరం (మీటర్లు) = 0.8 × వ్యాసం (అంగుళాలు) × పీడనం (బార్) వర్గమూలం

సహజ వాయువు లైను నిలువునా పగిలి అంటుకుంటే చదరపు మీటరుకు దాదాపు 16 కిలోవాట్ల వేడి తగిలే దూరం ఇది. బయట నిలబడ్డ మనిషికి తప్పించుకునే వ్యవధి సెకన్లే, మంట ఆగకపోతే చెక్క ఇళ్లూ అంటుకోవచ్చు.

- 8 అంగుళాలు, 49 బార్: 45 మీటర్లు
- 18 అంగుళాలు, 50 బార్: 102 మీటర్లు
- 24 అంగుళాలు, 90 బార్: 182 మీటర్లు

పీడనం దగ్గర ఇవాళ నడుస్తున్న అంకె వేయకండి, గరిష్ఠ అనుమతి పీడనం వేయండి. కంపెనీ రేపు పెంచితే మీ కాగితం చెల్లదు.

ఈ దూరం దాటితే క్షేమం అనుకోవడం రెండో తప్పు. అమెరికాలో శాన్ బ్రూనో దగ్గర 2010 సెప్టెంబరు 9న 30 అంగుళాల లైను 26.6 బార్ పీడనం దగ్గర పగిలింది. సూత్రం ప్రకారం 124 మీటర్లు రావాలి. నిజానికి కాలిన ప్రాంతం ఒక దిక్కున 180 మీటర్ల వరకు వెళ్లింది. 8 మంది చనిపోయారు, 38 ఇళ్లు బూడిదయ్యాయి. గ్యాసు ఆపడానికి గంటన్నర పట్టింది, ఆలోగా ఇంటి నుంచి ఇంటికి నిప్పు పాకింది. తాటాకు కప్పులు, గడ్డివాములు ఉన్న ఊళ్లో సూత్రం ఇచ్చినదానికి ఒకటిన్నర రెట్లు గీసి, ఆ పట్టీలో ఏముందో కూడా చూడండి.

5. పైపు లోపల ఏం జరుగుతోంది?

ఎక్కువ నివేదికలు తేలిపోయేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి.

2014 జూన్ 27, తెల్లవారు జామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో పగిలింది తాటిపాక నుంచి వెళ్లే 18 అంగుళాల లైను. 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. పొడి గ్యాసు కోసం వేసిన లైనులో నీరు, కండెన్సేటు కలిసిన గ్యాసు నడవడం, లోపలి నుంచి తుప్పు తినడం విచారణలో బయటపడ్డాయి.

తుప్పు గురించి అడిగితే "మాకు కేథోడిక్ ప్రొటెక్షన్ ఉంది, రీడింగు మైనస్ 0.85 వోల్టుల కంటే బాగానే ఉంది" అని జవాబు వస్తుంది. అది పైపు బయటి గోడకు, మట్టికి మధ్య జరిగే సంగతి. లోపల అడుగున నిలిచిన నీటిని ఆ కరెంటు తాకదు. బయటంతా నిగనిగలాడుతూ, లోపల గడియారంలో ఆరు అంకె ఉండే చోట, అంటే పైపు అట్టడుగున, గోడ సగం తినేసి ఉండొచ్చు. కాలువ కింద నుంచి, రోడ్డు కింద నుంచి లైను వంగి పైకి లేచే చోట నీరు నిలుస్తుంది. డెల్టాలో అలాంటి వంపులు అడుగడుగునా ఉంటాయి.

చూడాల్సినవి:

- గ్యాసులో కార్బన్ డయాక్సైడ్ శాతాన్ని పీడనంతో గుణించండి. 2 శాతం, 50 బార్ అయితే 1 బార్. నీళ్లుంటే 0.2 నుంచి 2 బార్ మధ్య తుప్పుకు అవకాశం ఉన్నట్టు, 2 దాటితే ఖాయమన్నట్టు లెక్క. నీళ్లే లేకపోతే ఈ అంకెతో పని లేదు. అందుకే డ్యూ పాయింట్ రికార్డు ఒక్క రోజుది చాలదు, ఏడాదిది కావాలి.
- శుభ్రం చేసే పిగ్గుతో బయటికి వచ్చిన నీళ్లు, నల్లపొడి ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోలు? ప్రతిసారీ పెరుగుతుంటే అది లోపలి గోడే.
- గోడ మందం కొలిచే పిగ్గు ఎప్పుడు నడిపారు? లైనుకు పిగ్ లాంచరే (పిగ్గును లోపలికి పంపే ద్వారం) లేకపోతే గోడ పరిస్థితి ఎవరికీ తెలియదని రాసుకోండి.
- అంతకుముందు లీకుల మీద బిగించిన క్లాంపులు ఎన్ని? ఒకే కిలోమీటరులో రెండు మూడు ఉంటే ఆ ముక్కను విడిగా లెక్కించాలి.

బయటివాళ్ల తవ్వకం ఇంకో పెద్ద కారణం. బెల్జియంలో గిలెంగియెన్ దగ్గర 2004 జూలై 30న 24 మంది ప్రాణాలు తీసిన పేలుడుకు మూలం అంతకుముందు యంత్రం తగిలి పైపు మీద పడ్డ గాటు. మన దగ్గర చేపల చెరువుల తవ్వకం, బోర్లు, ఇంటర్నెట్ కేబుళ్ల కందకాలు చూడండి. వేసినప్పుడు పైపు మీద మీటరు మట్టి ఉన్నా, పొలం చదును చేశాక ఎంత మిగిలిందో కంపెనీని కొలిపించమనండి.

6. ఎంత అరుదు?

యూరప్ గ్యాసు లైన్ల సంస్థలు 1970 నుంచి కలిసి రాస్తున్న లెక్కలో, 2019 వరకు సగటున వెయ్యి కిలోమీటర్లకు ఏడాదికి 0.29 లీకులు. చివరి ఐదేళ్లలో 0.13 దగ్గరికి దిగింది. లీకులన్నిటిలో అంటుకునేవి 5 శాతం దరిదాపు. పెద్ద వ్యాసం లైను నిలువునా పగిలితే మాత్రం మూడో వంతుకు పైగా అంటుకుంటాయి. ఆ 5 శాతాన్ని తెచ్చి పగిలే సందర్భానికి వేయడం నివేదికల్లో తరచూ కనబడే తప్పు. ఒక్క దెబ్బకు ముప్పు ఏడో వంతుకు పడిపోతుంది.

18 అంగుళాల లైనుకు 30 మీటర్ల దూరంలో ఒక ఇల్లు అనుకుందాం. వెయ్యి కిలోమీటర్లకు 0.15 లీకులు, అందులో పదో వంతు పగుళ్లు, వాటిలో మూడో వంతు మంటలు అనుకుంటే కిలోమీటరుకు ఏడాదికి కోటిలో 50. లైనులో ఆ ఇంటికి 102 మీటర్ల లోపు వచ్చే పొడవు దాదాపు 195 మీటర్లు. గుణిస్తే ఏడాదికి కోటిలో 10 దగ్గర తేలుతుంది.

ఎక్కువమంది వాడే బ్రిటన్ కొలమానంలో సాధారణ ప్రజలకు కోటిలో 10 లోపయితే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, కోటిలో 1,000 దాటితే ఒప్పుకోరు. మధ్యలో ఉంటే తగ్గించే దారి చూపాలి. మన ఇల్లు సరిగ్గా కింది గీత మీద ఉంది. అంత చక్కగా గీత మీద పడ్డప్పుడే అనుమానించాలి. ఐదో అంచెలో లోపలి తుప్పుకు గుర్తులు కనబడి ఉంటే లీకుల అంకెను పది రెట్లు చేసి మళ్లీ చూడండి. కోటిలో 100 అవుతుంది. యూరప్ పొడి గ్యాసు లైన్ల సగటును తడి గ్యాసు లైనుకు అంటగట్టడం సబబు కాదు.

7. టెర్మినల్ వేరే జంతువు

సహజ వాయువు గాలికంటే తేలిక, పైకి లేస్తుంది. ఎల్పీజీ ఆవిరి గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. పల్లానికి, డ్రెయిన్లలోకి, బోదెల్లోకి నీళ్లలా పారుతుంది. గాలిలో 2 శాతం ఉంటే చాలు, అంటుకుంటుంది. అందుకే లైనుకు వాడిన సూత్రం ఇక్కడ పనికిరాదు.

విశాఖ రిఫైనరీలో 1997 సెప్టెంబరు 14, ఆదివారం ఉదయం జరిగింది ఇదే. ఓడ నుంచి వచ్చే ఎల్పీజీని గోళాకారపు ట్యాంకులకు ఎక్కిస్తుండగా లీకై, మేఘంలా పరుచుకుని అంటుకుంది. 60 మంది దాకా చనిపోయారు.

మూయడానికి పట్టే సమయంతో మొదలుపెట్టండి. 8 బార్ పీడనంలో ఉన్న 2 అంగుళాల ద్రవ లైను తెగితే సెకనుకు దాదాపు 36 కిలోలు పోతుంది. దూరం నుంచి మూసే వాల్వు నిమిషంలో మూస్తే 2.2 టన్నులు. మనిషి పరుగెత్తి చేత్తో మూయడానికి 10 నిమిషాలు పడితే 22 టన్నులు. నివేదికలో నిమిషం అని రాసి ఉంటే, నిరుటి మాక్ డ్రిల్ రికార్డులో ఎన్ని సెకన్లు పట్టిందో అడగండి.

మేఘం ఎంత దూరం వెళ్తుందో చేత్తో తేలదు. అలోహా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. గాలి రెండు రకాలుగా ఇవ్వండి: పగలు సెకనుకు 5 మీటర్లు, డి తరగతి (మామూలు గాలి), తెల్లవారు జామున 1.5 మీటర్లు, ఎఫ్ తరగతి (కదలక స్తంభించిన గాలి). రెండోది వదిలేసిన నివేదిక సగం నివేదికే. అలోహాకు గుట్టలు, గోడలు, డ్రెయిన్లు తెలియవు. కాబట్టి అది గీసిన బొమ్మను ఊరి పల్లాల పటం మీద పెట్టి, వాలు ఎటుంటే అటు పొడిగించండి.

ట్యాంకరు మంటల్లో చిక్కి బద్దలైతే అగ్నిగోళం. వ్యాసం మీటర్లలో = 5.8 × కిలోల ఘనమూలం. 18 టన్నుల బుల్లెట్ ట్యాంకరుకు 150 మీటర్లు, మండేది 12 సెకన్లు. మట్టితో కప్పిన బుల్లెట్లకు (పొడవాటి గుండ్రని నిల్వ ట్యాంకులకు) మంట తగలదు కాబట్టి నిల్వ వైపు ఈ దృశ్యాన్ని దాదాపు తీసేయవచ్చు. లోడింగ్ గ్యాంట్రీ (ట్యాంకర్లు నింపే చోటు) దగ్గర వరసలో నిలబడ్డ ట్యాంకర్లకు తీసేయకండి. విశాఖలో ఎల్పీజీకి 60,000 టన్నుల భూగర్భ గుహ ఉంది. నిల్వ ఎంత లోతున ఉన్నా జెట్టీ లైను, పంపులు, గ్యాంట్రీ నేల మీదే ఉంటాయి.

ట్యాంకు అడుగు నుంచి నీరు తీసే డ్రెయిన్ వాల్వును మరవకండి. ఫ్రాన్స్‌లో ఫేజాన్ దగ్గర 1966 జనవరి 4న ప్రొపేన్ గోళం కింద వాల్వు తెరిచినప్పుడు మంచు పట్టి మూతపడలేదు. పక్క రోడ్డు మీది కారు నుంచి అంటుకుని 18 మంది చనిపోయారు. వాల్వులు రెండు ఉన్నాయా, రెంటి మధ్య ఎడం ఉందా, ట్యాంకు వైపుది పూర్తిగా తెరిచి కిందిదానితో కొద్దికొద్దిగా వదలమని అక్కడే బోర్డు రాసి ఉందా చూడండి.

ఫైర్ వాటర్‌కు చిన్న పరీక్ష: ట్యాంకు ఉపరితలం చదరపు మీటరుకు నిమిషానికి 10.2 లీటర్లు. 15 మీటర్ల గోళానికి 707 చదరపు మీటర్లు, అంటే నిమిషానికి 7,200 లీటర్లు. నాలుగు గంటలకు 17 లక్షల లీటర్లు. పక్క గోళాన్నీ తడపాలి కాబట్టి రెట్టింపు. నిల్వ చెరువు ఇంతకు తగ్గితే మిగతా నివేదిక చదివేలోపే ప్రశ్న రాసుకోవచ్చు.

8. నిప్పు ఎక్కడుంది?

మేఘం చేరగల పట్టీలో టీకొట్లు, ఇటుకబట్టీలు, వెల్డింగ్ షాపులు, ట్రాన్స్‌ఫార్మర్లు, రోడ్డు గుర్తించండి. నగరం గ్రామంలో టీకొట్టు పొయ్యి నుంచి అంటుకుందని అప్పటి వార్తలు. పల్లెలో తెల్లవారు జామున గాలి స్తంభించి ఉంటుంది, పొయ్యిలు వెలిగేదీ అప్పుడే. ఈ రెండూ కలిసే వేళను లెక్కలో "అంటుకునే అవకాశం 0.1" అని రాయడం కుదరదు. మేఘం ఇళ్ల మధ్యకు వచ్చాక దాన్ని 1 అనే తీసుకోండి. దట్టమైన తోటలు గాలిని ఆపి మేఘాన్ని నిలబెడతాయి, అంటుకున్నాక మంట వేగాన్నీ పెంచుతాయి.

వాసన మీద ఆధారపడకండి. వంటగ్యాసుకు కలిపే మెర్కాప్టాన్ దూరప్రాంతపు సహజ వాయువు లైన్లలో సాధారణంగా ఉండదు.

లెక్క సరిగా వచ్చిందా?

మొదట నాలుగో అంచె దూరాన్ని అలోహా ఇచ్చినదానితో పోల్చండి. రెండింటి మధ్య తేడా రెట్టింపు దాటితే యూనిట్లలో తప్పుంది. గేజీ పీడనానికి 1 కలపడం మరచిపోతే అధిక పీడనంలో పెద్ద తేడా రాదు, కానీ బార్‌కు బదులు కిలోపాస్కల్ పడితే దూరం పది రెట్లవుతుంది.

తర్వాత ఒక్కో ఊహను విడిగా మార్చండి: మూసే సమయం రెట్టింపు, గాలి సగం, లీకుల సంఖ్య పది రెట్లు. ఏది మారిస్తే ఇళ్లు గీత దాటుతున్నాయో దాని మీదే కంపెనీని ఆధారం అడగండి. పది ప్రశ్నలు అడిగితే పదికీ ముక్తసరి జవాబులు వస్తాయి.

ఒక్కరికి ఎంత ముప్పు అన్నది తేలాక, ఒక్కసారే ఎంతమంది అన్నది విడిగా చూడండి. 40 మంది పిల్లల అంగన్‌వాడీ 90 మీటర్ల దూరంలో ఉంటే, ఒక్కో బిడ్డకు ముప్పు చిన్న అంకెగానే కనబడుతుంది. కానీ ప్రమాదం జరిగితే నలభై మందీ ఒక్కచోటే ఉంటారు.

చివరగా, మూసే సమయానికి కాగితం మీద వేసిన అంకెను నిజంతో సరిచూడండి. పంచాయతీ తరఫున ముందే చెప్పి, ఒకరోజు తెల్లవారు జామున ఐదింటికి మార్కరు మీది నంబరుకు ఫోన్ చేయండి. ఎన్నో రింగుకు ఎత్తారు, తెలుగులో మాట్లాడారా, కిలోమీటరు రాయి నంబరు చెప్తే ఏ ఊరో గుర్తుపట్టారా, ఏ వాల్వు స్టేషన్‌కు మనిషి వెళ్లాలో చెప్పడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి రాయండి. ఆ నిమిషాలకు ప్రయాణ సమయం కలిపి లెక్కలో వేసి, మూడో అంచె మళ్లీ చేయండి.